నూజివీడు బాట

నూజివీటినుండి విజయవాడకు బాటలు రెండు కలవు. ఒకటి ఆగిరిపల్లి, నున్న గ్రామముల మీదుగా మామిడితోపుల నడుమ పోవును. రెండవది హనుమాన్ జంక్షనునకు దిగి, అచ్చటి ఆంజనేయస్వామికి నమస్కారము పెట్టుకొని, గన్నవరము మీదుగా పెద్దరస్తాను పట్టి పోవును. మొదటిది సుమారు 45 కిలోమీటర్లు. రెండవది మఱికొంత చుట్టు. మొదటిది కన్నులకు పండుగ, రెండవది నడుమునకు సుఖము. ఈ రెండిటిలో ఏది మేలని యెవరైన నన్నడిగినచో, బండిలో కూర్చుండువారి వెన్నెముక యెట్లున్నదని నేను మరల నడుగుదును. రెండేండ్లుగా నేనీ బాటలను మా యమ్మను వెంటబెట్టుకొని తిరుగుచున్నాను. ఆమెకు రొమ్మున పుట్టిన క్యాన్సరు వెన్నెముకకును తుంటియెముకకును ప్రాకినది. బాటలోని ప్రతి గోతియు ప్రతి మిట్టయు ఆమెకు ముందుగా తెలియును; ఆమె మొగము చూచి నాకు తెలియును.

సోదరీమణులలో పలువురు మా యూరి పేరు మామిడిపండ్ల గంపమీదనే చూచియుందురు. కావున ముందుగా ఊరి మాట కొంత చెప్పెదను.

నూజివీడు ఒకప్పుడు మేకావారి జమీను. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి, 2022 ఏప్రిలులో ఏలూరు జిల్లాలో చేరినది. ఊరి పేరు పెట్టుకొన్న రైలుస్టేషను ఊరిలో లేదు. ఎంతో దూరమున హనుమాన్ జంక్షనుకడ నున్నది. క్రొత్తగా వచ్చు అల్లుండ్రు అచ్చట దిగి ఊరికై నలుదెసల చూచుట మాకొక వేడుక. పనసకొయ్యతో వీణలు చేయు పనివారు ఇచ్చట తరతరములుగా నున్నారు. మామిడి పరిశోధనకై ఒక క్షేత్రమును గలదు. అన్నిటికంటె మిన్న మా నేల. అది ఎఱ్ఱనేల, వాననీరు నిలువనీయదు, మామిడివేరును లోతునకు దిగనిచ్చును. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెము, ఎటు పోయినను తోపులే. బంగినపల్లి ముక్కలు కోసికొని తినువారి పండు. చిన్నరసము, పెద్దరసము మెత్తగా పిసికి జుఱ్ఱుకొనువారివి. తోతాపురిని మా వైపు కలెక్టరుకాయ యందురు. ఆ పేరు దానికెట్లు వచ్చెనో గాని, పుల్లదనములోను బిరుసులోను తగియున్నదని మా యమ్మ యనుచుండును. పుష్యమాసమున పూత, మాఘఫాల్గుణములలో పిందె, చైత్రమున ఆవకాయకు కాయ, వైశాఖజ్యేష్ఠములలో పండు. మంచు మిక్కుటమైన పూత మాడును. ఈదురుగాలి వీచిన కాయ రాలును. తోపు గలవారి సంవత్సరమంతయు ఈ భయములలోనే గడచును.

మా యమ్మకు జబ్బు చేతికి తగిలినదియు కాయకోతల దినములలోనే. ఎడమరొమ్మున రేగుకాయంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేనిదానిని జబ్బనుటకు ఆమెకు మనసొప్పలేదు. "కోతలై పోనీ, చూద్దాం" అనుకొన్నదట. కోతలు ముగిసినవి, ఆవకాయ ముగిసినది, మాగాయ ముగిసినది, మనుమరాలి ఓణీల వేడుకయు ముగిసినది. అప్పటికి చంకలో మఱియొక గడ్డ తోచినది, నడుము నొప్పియు మొదలైనది. నడుమునొప్పి వయస్సువలన వచ్చినదని ఆమె తలంచెను. అందఱును అట్లే తలంతురు.

తొలుదొల్త నొప్పి లేకుండుటయే ఈ రోగము చేయు పెద్ద మోసము. రొమ్మున గడ్డ, చర్మము నొక్కుకుపోవుట, చనుమొన లోనికి తిరుగుట, నెత్తుటిచెమ్మ, ఇట్టివానిలో ఏది కనబడినను నొప్పి యున్నదా లేదా యని చూడక వైద్యునికడకు పోవలయును. దీనిని మన పెద్దలు రాచపుండనిరి. రాజుగారి పేరువలెనే దీని పేరును బిగ్గరగా పలుకరు. జబ్బు పేరు తెలిసిననాడు మా యమ్మ కొంతసేపు మాటాడక, పిమ్మట, "జమీలు పోయినా ఈ రాచరికం మాత్రం నాకు మిగిలిందే అమ్మాయ్" అన్నది. నేను నవ్వలేదు. ఆమెయే నవ్వినది.

విజయవాడలో సూదితో గడ్డనుండి చిన్నముక్క తీసి పరీక్షించిరి. ఆ పరీక్ష క్యాన్సరు ఔనో కాదో తేల్చుటకు మాత్రమే గాదు. ఆ కణములు స్త్రీల దేహమునందుండు ఈస్ట్రోజెను అను హార్మోనును ఊతగా గొని పెరుగునవా, హెర్-2 అను మాంసకృత్తు వానిపై మెండుగా నున్నదా యని చూతురు. మందు దానినిబట్టి యుండును. అందుచేతనే పొరుగింటామెకు నయమైన మందు మనకేల యియ్యరని వైద్యునితో వాదింపరాదు. మా యమ్మది హార్మోనుపై పెరుగు జాతి. ఎముకలకు పోయినందున శస్త్రచికిత్సచే తీసివేసిన పోవునది గాదనిరి. రసాయనపు మందు కొన్ని పర్యాయములు, తరువాత దినమునకొక మాత్ర, ఎముకల బలమునకు సూదిమందు ఏర్పఱచిరి. "పూర్తిగా నయం చెయ్యలేమమ్మా. అదుపులో ఉంచగలం. కొందరికి అది ఏళ్ల తరబడి ఉంటుంది" అని వైద్యురాలు మా యెదుటనే, అమ్మ యెదుటనే చెప్పినది. ఆ మాట రోగి వినరాదని మా బంధువులలో పెద్దలు కొందఱు కోపించిరి. అమ్మ మాత్రము, "తోపు ఎవరిదో వాళ్లకు కాపు సంగతి చెప్పకపోతే ఎట్లా?" అని వారి నోరు మూయించినది.

మూడేసి వారములకొకసారి ప్రయాణము. మావారు బడిపంతులగుటచే సెలవుదినములలో మాత్రమే తోడు రాగలరు. తక్కిన పర్యాయములు మేమిద్దఱమే. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలైన ప్రభుత్వపథకమువలన ఇట్టి చికిత్సల ఖర్చులో పెద్దభాగము బీదసాదలకు తప్పినది. కాని బండికూలి, దారిభోజనము, తోడు వచ్చినవాని పోయిన కూలి ఏ పథకమునను లెక్కకు రావు. మందెక్కించు గదిలో కైకలూరువారు, తిరువూరువారు, జగ్గయ్యపేటవారు కలసెడివారు. అందఱి సంచులలోను పెరుగన్నమే. ఒక మందు దాసానిపువ్వు రంగున నుండును. దానిని ఎఱ్ఱమందని పిలుచుకొందురు. ఎక్కించిన పిమ్మట మూత్రమును ఎఱ్ఱగా వచ్చునని ముందుగా చెప్పనిచో ఆడువారు నెత్తురనుకొని హడలిపోదురు. రెండు మూడు వారములలో తల యూడును. మా యమ్మ ఊడకమునుపే గుండు చేయించుకొని, "తిరుపతి వెంకన్నకు బాకీ తీరింది" అన్నది.

ఆ గదిలో గంటలకొలది కూర్చున్నప్పుడు నేనామెకు చెప్పిన సంగతులు రెండు. హనుమాన్ జంక్షనునుండి తూర్పుగా ఏలూరు దాటి పోయిన భీమవరము వచ్చును. అచ్చట 1895లో ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టిరి. ఆయన అమెరికాలో లెడర్లీ సంస్థలో నడపిన పరిశోధనలనుండి అమినాప్టెరిను, మెథోట్రెక్సేటు అను మందులు వెలువడినవి. అమినాప్టెరినుతోనే సిడ్నీ ఫార్బరు పసిపిల్లల నెత్తుటిక్యాన్సరును కొంతకాలమైన వెనుకకు త్రిప్పగలనని 1948లో లోకమునకు చూపెను. సుబ్బారావుగారు ఆ యేడే గతించిరి. తరువాతికాలమున మెథోట్రెక్సేటు రొమ్ముక్యాన్సరు చికిత్సలో ముఖ్యమైన మందులలో ఒకటియై పెక్కేండ్లు నిలిచినది. రెండవది మా పెరటి గోడవెంబడి నీరు పోయువారు లేకయే పూయు బిళ్లగన్నేరు. దానినుండి 1958 ప్రాంతమున కెనడాలో విన్‌బ్లాస్టిను తీసిరి. దాని సంతతిదే వినొరెల్బిను అను మందు ముదిరిన రొమ్ముక్యాన్సరునకు నేడును వాడుదురు. ఇది విని మా యమ్మ ఇంటికి పోయినవెంటనే ఆకు నూరి త్రాగెదనన్నది. అట్లు త్రాగిన విషమగును. మందు వేఱు, మొక్క వేఱు. ఈ మాట గట్టిగా వ్రాయుచున్నాను, ఏలయన చూడవచ్చినవారి వైద్యము మా యింట నెలకొక రకము. గోధుమగడ్డి రసము, పేరు చెప్పని వేళ్లు, బూడిద. ఏమి మ్రింగినను చికిత్స చేయు వైద్యునికి చెప్పి మ్రింగవలయును.

మందు ఎక్కిన కొలదినాళ్లు నోటికి ఇనుము నాకినట్లుండునట. మొదటి యేడు వైశాఖమున మొదటి చిన్నరసము తెచ్చి యిచ్చితిని. ఆమె ముచ్చికకడ చిదిమి, రెండు గ్రుక్కలు పీల్చి, ప్రక్కన పెట్టి, "చెట్టుకు చెప్పకు" అన్నది. తన చేత్తో గోతిలో నిలిపిన చెట్టు అది. నోరు పూసినప్పుడు పులుపును కారమును మంటపెట్టును; చల్లని మజ్జిగ, మెత్తని పప్పన్నము, ఉప్పునీటి పుక్కిలింత మేలు. ఒక్క విషయమున అశ్రద్ధ కూడదు. రసాయనపు మందు జరుగుచున్నంతకాలము జ్వరము వచ్చిన తెల్లవాఱువఱకు ఆగరాదు. నూటికి పైన వేడి కనబడిన అర్ధరాత్రియైనను బండి కట్టవలసినదే. మేమొకసారి కట్టితిమి, ఆనాడు నున్నబాటలో మామిడి లారీల వరుస తెగక, రెండు గంటలు పట్టినది.

ఇక నొప్పి సంగతి.

ఎముకలోని నొప్పి తక్కిన నొప్పులవంటిది గాదు. పగలు పనిలో నలగి యుండి, రాత్రి యిల్లు సద్దుమణిగినప్పుడు లేచును. మా యమ్మ దానిని ఎవరికిని చెప్పెడిది గాదు. పండ్లు బిగించి గోడవైపు తిరిగి పడుకొనెడిది. అడిగిన "ఏం లేదు, నిద్ర పట్టలే" అనెడిది. క్రమముగా మాటలు తగ్గినవి. భారతము చదివి వినిపింపుమని అడుగుట మానెను. పనివారిని కేకవేయుట మానెను. రోగము ముదిరి మనిషి మారినదని అందఱును అనుకొనిరి. మారినది రోగమువలన గాదు, నొప్పివలన. ఈ భేదము కనిపెట్టుటకే దగ్గఱ మనిషి కావలయును.

ఒకచోట ఒక వైద్యుడు, "ఈ దశలో ఇట్లాగే ఉంటుందమ్మా, ఓర్చుకోవాలి, ఇంక చేసేదేం లేదు" అని పంపివేసెను. మా యమ్మయు ఔననెను. "భీష్ముడంతవాడు అంపశయ్య మీద యాభై ఎనిమిది రాత్రులు ఓర్చుకోలా? నేనెంత?" అని ఆమె మాట.

చిన్ననాడు నాకు భారతము చెప్పినది ఆమెయే. కావున ఆమెకు ఆమె పాఠమునే అప్పగించితిని. శల్యములు తీయువారిని దుర్యోధనుడు పిలిపించినప్పుడు భీష్ముడు వలదనినమాట నిజమే. అది ఆయన కోరుకొన్న వీరశయనము, ఆయన చేతిలోనున్న మరణము. అయినను ఆయన తల వ్రేలాడుచున్నదని తలగడ యడుగలేదా? దప్పికయని నీరడుగలేదా? అర్జునుడు బాణములతో తల నిలిపి, నేల చీల్చి నీరు తెచ్చి ఇయ్యలేదా? అంతకంటె ముఖ్యమైన సంగతి శాంతిపర్వమున నున్నది. ధర్మములు చెప్పుమని కృష్ణుడడిగినప్పుడు భీష్ముడు, బాణముల బాధచే నా మనస్సు తెలియకున్నది, నోట మాట రాకున్నది, నేనెట్లు చెప్పుదునని యనెను. అప్పుడు కృష్ణుడు ఓర్చుకొమ్మనలేదు. నొప్పియు, తాపమును, బడలికయు, ఆకలిదప్పులును నిన్నంటకుండు గాకయని వరమిచ్చెను. అటుపిమ్మటనే అన్ని ధర్మములును వెలువడినవి. నొప్పి తీయకున్న శాంతిపర్వము లేదు, అనుశాసనికపర్వమును లేదు.

అమ్మ చాలసేపు కప్పువైపు చూచెను. "ఇది నీకు నేను చెప్పిందేనా?" అని యడిగెను. "నువ్వు చెప్పిందే" నంటిని. "అయితే పద" అనెను.

అట్లు హైదరాబాదు ప్రయాణము కుదిరినది. నాంపల్లి స్టేషనుకు చేరువనే రెడ్‌హిల్సు. అచ్చట 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగు వారి క్యాన్సరు ఆసుపత్రి యున్నది. అందఱును ఎం.ఎన్.జె. యందురు. అదే నగరమున బంజారాహిల్సులో 2000వ సంవత్సరమున తెఱచిన బసవతారకము ఆసుపత్రియు గలదు. నందమూరి తారక రామారావుగారి భార్య, మా కృష్ణాజిల్లా ఆడపడుచు బసవతారకమ్మగారు 1985లో ఈ జాతి రోగముతోనే కన్నుమూయగా ఆమె జ్ఞాపకార్థము వెలసినది. మద్రాసులో అడయారు ఆసుపత్రి కథయు ఇట్టిదే: తన చెల్లెలు క్యాన్సరుతో పోవుట కన్నులార చూచిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు పట్టుదలతో 1954లో దానిని నెలకొల్పిరి. ఎక్కడ చూచినను ఇంటి ఆడుదాని బాధ చూచినవారు కట్టినవే యీ గోడలు.

ఎం.ఎన్.జె.లో నొప్పి తగ్గించుటకు వేఱుగా ఒక విభాగమున్నది. రోగము నయమగునా కాదా యను ప్రశ్నతో నిమిత్తము లేక, ఈ మనిషికి నేడు ఏమి బాధ యని అడుగుటయే వారి పని. లండనులో సిసిలీ సాండర్సు అను నామె, నర్సుగా మొదలిడి, నడివయసునకు వైద్యురాలై, 1967లో ఇట్టివారికై ఒక ఆలయము తెఱచినది. నొప్పి యనగా దేహమునొప్పి మాత్రమే గాదు, మనస్సునొప్పి, ఇంటిచింత, దైవమును గూర్చిన ప్రశ్న, అన్నియు కలసిన ముద్ద యని ఆమె నేర్పిన పాఠము. మన ప్రక్క కేరళలో 1993లో కోళికోడున డాక్టరు రాజగోపాలుగారును తోడివారును ఇట్టి చికిత్స మొదలుపెట్టిరి. అచ్చట నేడు ఊరి స్త్రీపురుషులే కొంత నేర్చుకొని ఇంటింటికి పోయి రోగులను చూచివచ్చెదరు. మన జిల్లాలలోను అట్టిది పెరిగిన, నడుము విరిగినవారిని రైలెక్కింపనక్కఱ లేకపోవును.

అచ్చటి నర్సు అమ్మను, నొప్పి సున్న నుండి పది వఱకు ఎంత యని యడిగినది. అమ్మ తెల్లబోయినది. నొప్పికి మార్కులు వేయుట ఆమె యెఱుగదు. కొంత ఆలోచించి, "మధ్యాహ్నం దోసెడు. సాయంత్రం గంపెడు. రాత్రి బండెడు" అన్నది. ఆ పిల్ల నవ్వక, అట్లే వ్రాసికొన్నది. ఆనాటినుండి మా యింట ఒక నోటుపుస్తకము. గంట, దోసెడా గంపెడా బండెడా, ఏ మందు, ఎప్పటికి తగ్గినది. వైద్యునికి చూపునప్పుడు దోసెడును మూడుగా, గంపెడును ఆఱుగా, బండెడును తొమ్మిదిగా మార్చి చెప్పుదును. ఈ పుస్తకము మాకు అన్ని ఎక్సురేలకంటెను ఎక్కువ పనికి వచ్చినది.

తుంటియెముకకు ఒకేఒక పర్యాయము కిరణచికిత్స చేసిరి. క్యాన్సరును పూర్తిగా మాపుటకు గాక ఎముకనొప్పి తగ్గించుటకు 8 గ్రేల మోతాదు ఒక్కమాఱు చాలునని, దినదినము తిప్పనక్కఱ లేదని వారు చెప్పిరి. మొదటి రెండు మూడు దినములు నొప్పి హెచ్చవచ్చును. పిమ్మట రెండు మూడు వారములలో తగ్గును. అందఱికిని తగ్గదు గాని, సగముకంటె ఎక్కువమందికి తగ్గును. అమ్మకు తగ్గినది. వెన్నునొప్పికి మాత్రము మార్ఫీను మాత్రలు వ్రాసిరి.

ఆ పేరు వినగానే మా బంధువర్గమున కలకలము. నల్లమందు! మత్తు! ఇక కడపటి ఘడియలే! ఈ మూడు భయములకును మాకు వచ్చిన సమాధానములు వ్రాయుచున్నాను. ఇది గసగసాలచెట్టు పాలనుండి వచ్చిన మందేయగును గాని, నొప్పికై వైద్యుడు కొలిచి యిచ్చునప్పుడు సరదాకై మ్రింగువానికి వలె వ్యసనముగా మారుట మిక్కిలి అరుదు. మత్తుగా నుండుట మొదటి కొలది దినములే. ఇది కడపటి మందు గాదు, నొప్పి హెచ్చుగా నున్నప్పటి మందు. దీనిని వాడుచు నెలలు, ఏండ్లు నడచువారు కలరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986లోనే క్యాన్సరునొప్పికి మెట్లవారీగా మందులు చెప్పి, పై మెట్టున దీనిని పెట్టినది. ఒక్క తిప్పలు మాత్రము తప్పదు: మలబద్ధము. అందులకు విరేచనపు మందు మొదటిదినమునుండియే వేయవలయును, పట్టిన పిమ్మట గాదు. మొదట కొన్నాళ్లు వాంతిగా నుండుట కలదు. దానికిని మాత్ర యిత్తురు.

నొప్పి వచ్చినప్పుడు గాక, నాలుగు గంటలకొకసారి గడియారము చూచి వేయవలయునని నియమము. ఇది మా యమ్మకు ఎక్కుటకు వారము పట్టినది. "నొప్పి లేనప్పుడు మందెందుకు?" అనును. పొయ్యి ఆఱిపోయిన పిమ్మట ఊదుట కంటె ఆఱకముందే పుల్ల పెట్టుట మేలు గదా యంటిని. నిద్రకు ముందు మోతాదు వైద్యులు హెచ్చించి యిచ్చిరి; నడురేయి లేపనక్కఱ లేకపోయినది. ప్రయాణమున్ననాడు బండి ఎక్కుటకు అరగంట ముందు వేయుటకని వేఱే మాత్ర గలదు. ఆ మాత్ర పుణ్యమా యని అమ్మ మరల ఆగిరిపల్లి బాటనే కోరుకొనుచున్నది. శోభనాచలస్వామి కొండ కనబడగానే బండిలోనుండియే చేతులు జోడించును. నడుము క్రింద మెత్తని దిండు, మోకాళ్ల క్రింద చుట్టిన దుప్పటి. ఎడమచేయి వాచియున్నందున దానిని ఎత్తుగా పెట్టుటకు మఱియొక దిండు. ఆ చేతికి గీతయైన పడనీయరాదు. కత్తిపీట మా యింట ఆమెకు నిషిద్ధము, దానిపై ఆమెకు నామీద నేటికిని కోపమే.

ఈ మందు ఊరి మందులకొట్లలో సామాన్యముగా దొరకదు. 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చినప్పుడు శిక్షలకు భయపడి కొట్లవారును ఆసుపత్రులవారును దీనిని దూరము పెట్టిరి. మధ్యప్రదేశములో, రాజస్థానములో, ఉత్తరప్రదేశములో సర్కారు అనుమతితో నల్లమందు పండించి విదేశములకు పంపు దేశమున, సొంతబిడ్డలు నొప్పితో మూల్గిరి. వంట చేసినవారింటనే పస్తు! 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి దారి సులువు చేసినది. గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దీనిని ఉంచి యియ్యవచ్చును. కావున మీ యింట ఎవరికైన ఇట్టి బాధ కలిగిన, "నొప్పి తగ్గించే విభాగం ఎక్కడుంది? మార్ఫీను ఇచ్చే చోటు ఏది?" అని సూటిగా అడుగుడు. ఒకరు లేదన్న మఱియొకరినడుగుడు. దీనికి రోగము కడపటి దశ రానక్కఱ లేదు. చికిత్స మొదలైననాడే అడుగవచ్చును. వెన్నెముకలో జబ్బున్నవారికి హఠాత్తుగా కాళ్లు తడబడినను, తిమ్మిరెక్కినను, మూత్రము బిగిసినను ఆ దినమే ఆసుపత్రికి పోవలయునని మాకు హెచ్చరించిరి; దీనిని మా యింటి తలుపువెనుక పెద్దక్షరములతో వ్రాసి అంటించితిని.

మందు పట్టిన పదవనాడు తెల్లవాఱుజామున వంటింటనుండి కేక వినబడెను. అమ్మ గడపలో కుర్చీ వేయించుకొని కూర్చుండి, పనిపిల్లను పాలు పొంగనిచ్చినందుకు కేకవేయుచున్నది. ఆ తిట్లు విని మావారు పెరటిలో కన్నులొత్తుకొనిరి. ఆ మధ్యాహ్నము ఆమె నన్ను పుస్తకము తెమ్మనెను. నొప్పిపుస్తకమనుకొంటిని. కాదు, వేఱొకటి. తోపులో ఏ చెట్టు ఎవరిచ్చిన అంటు, ఏది ఏటి విడిచి ఏడు కాచును, ఏ కాయ ఆవకాయకు, ఏది మాగాయకు, ఏది వానలు పడకమున్ను కోయవలయును, ఎవరికి మనము బాకీ, ఎవరు మనకు బాకీ. ఇప్పటికి నలువది పుటలయినవి. మధ్యమధ్య నాకు తెలియని బంధువుల కథలు. మా నాయనమ్మ ఈమెను కాపురమునకు వచ్చిన మొదటి యేడు పచ్చడిజాడీ పగిలినదని మూడుదినములు మాటాడకున్నదట. ఈ సంగతి ముప్పదేండ్లలో నాకెన్నడును చెప్పలేదు.

మొన్న మాఘమున వైద్యురాలిని ఆమెయే యడిగినది: "అమ్మా, ఈ యేటి రసాలు నేను తింటానా?" వైద్యురాలు కుర్చీ దగ్గఱకు జరుపుకొని, "చెప్పలేను మామ్మగారూ. తినాలనే నా కోరిక. తిన్నా తినకపోయినా నొప్పితో మాత్రం ఉండనివ్వం" అన్నది. అమ్మ తల యూపినది. తిరుగుబాటలో ఆగిరిపల్లి దాటువఱకు ఏమియు మాటాడలేదు. తోపులలో పిందె గోలీకాయంత యున్నది. పొగమంచు విడిచి ఎండ తగులుచున్నది. అప్పుడు మెల్లగా నావైపు తిరిగి, "పండు మాట దేవుడెరుగు. ఆవకాయకు కాయ చైత్రానికే వస్తుంది. ఆవాలు ఇప్పుడే కొనిపెట్టు, తర్వాత ధర మండుతుంది. జాడీలు ఎండలో పెట్టించు. కారం మాత్రం నేను చూసిందే వెయ్యాలి" అన్నది. బండిలోని గడియారము చూచితిని. మందువేళకు ఇంకను పది నిమిషములున్నది.